ఇరవై అంకెల సంఖ్య: ఫోన్ చెప్పింది నిజమా, పద్యం చెప్పింది నిజమా?

పద్మారావు నగర్‌లో మా ఇంటి నుంచే మాట్లాడుతున్నాను. మధ్యలో గంటలు వినిపిస్తే కంగారు పడకండి, అవి స్కందగిరి గుడి గంటలు. రికార్డింగ్ కోసం ఫ్యాన్ ఆపేశాను గానీ గుడి గంటల్ని ఆపలేం కదా.

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క సంఖ్య గురించి. అయితే ముందు ఒక క్షమాపణ చెప్పుకోవాలి. చదరంగం గింజల కథ చెప్పిన ఎపిసోడ్‌లో నేను స్క్రీన్ మీద పెట్టిన జవాబు తప్పు. చాలామంది చూశారు, లైకులు కొట్టారు, ఎవరూ పట్టుకోలేదు. పట్టుకున్నది మా కింది వాటాలో ఉండే మామ్మగారు. ఆవిడ తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. లెక్కల టీచరు కాదు, గమనించండి.

జరిగింది ఇదీ. ఆవిడ మనవరాలు తొమ్మిదో తరగతి. డిసెంబర్ 22న గణిత దినోత్సవం, రామానుజన్ పుట్టినరోజు కదా, స్కూల్లో చార్ట్ పెట్టాలి. నా వీడియో చూసి ఆ సంఖ్యని చార్ట్ మీద స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాల్లో రాసింది. ముందు రోజు సాయంత్రం నాయనమ్మకి చూపించింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, మనవరాల్ని తీసుకుని నేరుగా మా ఇంటికొచ్చారు.

"బాబూ, చివర మూడు సున్నాలు ఎక్కడివి? పద్యంలో సున్నాలు రెండే. అవి కూడా మధ్యలో ఉంటాయి" అన్నారు.

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. మీక్కూడా అర్థమయ్యేలా కథ మొదటి నుంచి చెప్తాను.

చదరంగం కథ చాలామందికి తెలిసిందే. చదరంగాన్ని కనిపెట్టినవాణ్ణి రాజు మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమంటాడు. అతను మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గడులకీ సరిపడా ధాన్యం ఇమ్మంటాడు. రాజు ఇంతేనా అని నవ్వుతాడు. లెక్క కట్టాక నవ్వు ఆగిపోతుంది.

మొత్తం ఎంతో ఎలా కనుక్కోవాలి? 64 సంఖ్యల్ని కూడక్కర్లేదు. చిన్నగా మొదలుపెట్టి చూడండి. మూడు గడులకి 1+2+4 = 7. నాలుగో గడిలో ఉండేది 8. నాలుగు గడులకి మొత్తం 15, ఐదో గడిలో ఉండేది 16. అంటే ఎప్పుడూ తర్వాతి గడి కంటే ఒక్కటి తక్కువ. కాబట్టి 64 గడుల మొత్తం, లేని 65వ గడిలో ఉండాల్సిన గింజల కంటే ఒకటి తక్కువ. 2 పవర్ 64 మైనస్ 1.

నేను ఆ రోజు ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, జావాస్క్రిప్ట్‌లో లెక్క వేయించాను. వచ్చింది ఇది:

18446744073709552000

దాన్నే కాపీ చేసి వీడియోలో పెట్టేశాను. మెషీన్ చెప్పింది కదా అనుకున్నాను.

మామ్మగారు చెప్పిన సంఖ్య ఇదీ:

18446744073709551615

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చదవాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆ పైన తొంభై ఐదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను.

ఇంత పొడుగు సంఖ్యని ఆవిడ ఎలా గుర్తుపెట్టుకున్నారు? సంఖ్యగా కాదు. పద్యంగా. మన తెలుగులో గణితానికి మొదటి పుస్తకంగా చెప్పుకునేది పావులూరి మల్లన రాసిన సారసంగ్రహ గణితం. పదకొండో శతాబ్దం నాటిదంటారు. నన్నయ భారతం రాసిన కాలం అన్నమాట. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఆ మల్లన పేరు మీదే ఒక చంపకమాల పద్యం ప్రసిద్ధం. అందులో ఈ చదరంగం సంఖ్య మొత్తం, ఇరవై అంకెలూ ఉన్నాయి. ఒక్క అంకె కూడా అంకెలా కనిపించదు.

దీన్ని భూతసంఖ్యల పద్ధతి అంటారు. ప్రతి అంకెకీ ఒక వస్తువు పేరు. ఆకాశం అంటే ఖాళీ, కాబట్టి 0. చంద్రుడు ఒక్కడే, కాబట్టి 1. అగ్నులు 3. వేదాలు 4. సముద్రాలు కూడా 4, బ్రహ్మ ముఖాలూ 4. మన్మథుడి బాణాలు 5. తర్కాలు 6. కొండలు 7. దిక్కుల్ని మోసే ఏనుగులు 8. శరీరంలో రంధ్రాలు 9. ఇంకో నియమం, అంకెల్ని కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి. అంటే పద్యంలో ముందు వచ్చేది ఒకట్ల స్థానం.

ఇందులో సౌకర్యం ఏంటంటే ఒక్కో అంకెకీ బోలెడు పేర్లు దొరుకుతాయి. మన సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. పద్యంలో మూడుసార్లూ కొండే వస్తుంది, కానీ మూడు వేరు వేరు పేర్లతో. ఛందస్సుకి ఏ పేరు సరిపోతే అది వాడుకోవచ్చు.

మామ్మగారు పద్యం చదువుతుంటే, మనవరాలు ఒక్కో మాటకీ ఒక్కో అంకె కుడి నుంచి రాసుకుంటూ వచ్చింది. ఇరవై అంకెలు పూర్తయ్యాయి. నా సంఖ్యతో పోలిస్తే మొదటి పదహారు అంకెలు ఒకటే. చివరి నాలుగు తేడా. నాది 2000, ఆవిడది 1615. తేడా 385 గింజలు.

నేను కొంచెం తప్పించుకోవాలని చూశాను. "385 గింజలేగా మామ్మగారూ, గుప్పెడు కూడా ఉండవు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పాప అడిగింది అసలు ప్రశ్న. "అంకుల్, రేపు మా మేడమ్ ఏది కరెక్టో ఎలా తెలుసని అడిగితే ఏం చెప్పాలి? ఫోన్‌లో వచ్చిందనా, పద్యంలో ఉందనా?"

నిజమే కదా. ఫోన్ చెప్పింది కాబట్టి నమ్మడం, పద్యంలో ఉంది కాబట్టి నమ్మడం, రెండూ ఒకటే పద్ధతి. మన పెద్దవాళ్లకి అన్నీ తెలుసు అని ఒక స్టేటస్ పెట్టేసి వదిలేయొచ్చు. కానీ రేపు ఎవరో పద్యంలో ఒక మాట మార్చి ఫార్వర్డ్ చేస్తే? అప్పుడెలా తెలుస్తుంది? అందుకని ఆ రాత్రి ముగ్గురం కూర్చుని, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా తేల్చాం. అదే మీకూ చూపిస్తాను. పెన్ను, కాగితం తీసుకోండి.

మొదటి పరీక్ష, చివరి అంకె. 2 ఘాతాల్ని రాసుకుంటూ పోండి: 2, 4, 8, 16, 32, 64, 128, 256. చివరి అంకెలు చూడండి: 2, 4, 8, 6, మళ్లీ 2, 4, 8, 6. నాలుగింటికి ఒకసారి తిరిగొస్తాయి. 64ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది, కాబట్టి 2 పవర్ 64 చివర 6 ఉండాలి. ఒకటి తీసేస్తే 5. పద్యం చివర 5 ఉంది. నా సంఖ్య చివర 0 ఉంది. 2 ఘాతం ఏదీ సున్నాతో ముగియదు. సున్నా రావాలంటే 5 కూడా కారణాంకంగా ఉండాలి, ఇక్కడేమో అన్నీ రెండ్లే. సరే, ఒకటి తీసేశాక చూసినా, అది బేసి సంఖ్య కావాలి. ఎటు చూసినా నా సంఖ్య తప్పే. ఇది ఐదో క్లాసు లెక్క. నేను వీడియో పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి చివరి అంకె చూసుకుంటే ఈ ఎపిసోడ్ అవసరమే ఉండేది కాదు.

నాది తప్పని తేలింది. అంతమాత్రాన పద్యంలోది ఒప్పని కాదు. కాబట్టి రెండో పరీక్ష, తొమ్మిదితో. ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషం ఒకటే. మన ఇరవై అంకెల్ని కూడితే 87 వస్తుంది. 8+7 = 15, 1+5 = 6. శేషం 6 అన్నమాట.

ఇప్పుడు ఇటు నుంచి రండి. 2 ఘాతాల్ని 9తో భాగిస్తే శేషాలు వరసగా 2, 4, 8, 7, 5, 1. తర్వాత మళ్లీ 2 నుంచి మొదలు. ఆరింటికి ఒక చక్రం. 64 అంటే పది చక్రాలు పూర్తయి ఇంకో నాలుగు అడుగులు. నాలుగోది 7. ఒకటి తీసేస్తే 6. సరిపోయింది.

పాప సంబరపడింది. అప్పుడు మామ్మగారు ఒక మాట అన్నారు, అది నాకు తట్టలేదు. "చంపకమాలకి పాదానికి 21 అక్షరాలు, ఏది గురువో ఏది లఘువో ముందే ఖాయం. మధ్యలో ఒక మాట జారిపోతే చదివేవాడికి నాలుక తడబడుతుంది, వెంటనే తెలిసిపోతుంది. కానీ గిరి, శశి రెండూ రెండేసి లఘువులు. ఒకదాని చోట ఇంకోటి పెడితే పద్యం నడక చెడదు, లెక్క చెడుతుంది. మీ తొమ్మిది పరీక్ష దాన్ని పడుతుందా?"

పట్టదు! గిరి అంటే 7, శశి అంటే 1. రెండూ చోట్లు మారితే అంకెల మొత్తం మారదు, 87 అలాగే ఉంటుంది. నిజానికి మనం ఫోన్ నంబర్లు, ఓటీపీలు కొట్టేటప్పుడు చేసే మామూలు పొరపాటు ఇదే, రెండు అంకెలు తారుమారు చేయడం.

అందుకే మూడో పరీక్ష, పదకొండుతో. కుడి నుంచి మొదలుపెట్టి ఒక అంకె కూడాలి, తర్వాతది తీసేయాలి, మళ్లీ కూడాలి, మళ్లీ తీసేయాలి. 5 లోంచి 1 తీసేస్తే 4, దానికి 6 కలిపితే 10, మళ్లీ 1 తీసేస్తే 9, ఇలా ఇరవై అంకెలూ పూర్తిచేస్తే 37 వస్తుంది. 37లో 33 పోతే శేషం 4.

ఇటు నుంచి చూస్తే 2 ఘాతాల్ని 11తో భాగించినప్పుడు శేషాలు 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1. పదింటికి ఒక చక్రం. 64 అంటే ఆరు చక్రాలు పోను నాలుగు అడుగులు. నాలుగోది 5. ఒకటి తీసేస్తే 4. సరిపోయింది.

ఇప్పుడు మామ్మగారు చెప్పినట్టు మార్చి చూడండి. కుడి నుంచి రెండో అంకె 1, పదిహేనో అంకె 7. వాటిని తారుమారు చేస్తే 37 కాస్తా 25 అవుతుంది. శేషం 3. దొంగ దొరికాడు. పక్కపక్కన ఉన్న రెండు వేరు వేరు అంకెల్ని తారుమారు చేసినా ఈ పరీక్ష తప్పకుండా పట్టుకుంటుంది.

ఇది పాతకాలం ఆట అనుకోకండి. మీ ఆధార్ నంబర్‌లో పన్నెండో అంకె ఇందుకే ఉంది. ముందున్న పదకొండు అంకెల నుంచి ఒక సూత్రం ప్రకారం దాన్ని తయారుచేస్తారు. మీరు ఎక్కడైనా ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినా ఆ నంబర్ చెల్లదని కంప్యూటర్‌కి తెలిసిపోతుంది. వాడే సూత్రం వేరు, అవసరం మాత్రం ఒకటే.

అయినా ఈ పరీక్షలు పాసైతే చాలదు. ఇవి తప్పుల్ని పట్టుకుంటాయి గానీ ఒప్పని రుజువు చేయవు. తప్పు సంఖ్య కూడా అదృష్టం కొద్దీ 9, 11 రెండు పరీక్షలూ దాటేయొచ్చు. రుజువు కావాలంటే పూర్తిగా గుణించాల్సిందే. అది కూడా మీరనుకున్నంత కష్టం కాదు.

64 సార్లు రెట్టింపు చేయక్కర్లేదు. 2 పవర్ 16 అంటే 65,536. దాని వర్గం 2 పవర్ 32, అంటే 4294967296. దాని వర్గం 2 పవర్ 64. పది అంకెల సంఖ్యకి ఒక్క వర్గం కడితే చాలు. దాన్ని మధ్యలో విరగ్గొడదాం: 42949 ఒక ముక్క, 67296 ఇంకో ముక్క. ఇక ఎనిమిదో తరగతి సూత్రమే, (ఎ + బి) హోల్ స్క్వేర్.

మొదటి ముక్క వర్గం 1844616601. దాని వెనక పది సున్నాలు పెట్టాలి.
రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808. దాని వెనక ఐదు సున్నాలు.
రెండో ముక్క వర్గం 4528751616. దీనికి సున్నాలు అక్కర్లేదు.

మూడూ కూడితే 18446744073709551616. ఒకటి తీసేస్తే చివర 1615. పద్యంలో ఉన్న ఇరవై అంకెలూ, ఒక్కటి కూడా తేడా లేకుండా. పాప మూడుసార్లు కూడింది, నమ్మకం కుదరక.

ఇంకో సంగతి. మల్లన కంటే కాస్త ముందు, సుమారు 1000వ సంవత్సరంలో, అల్ బిరూనీ అనే పండితుడు కాస్పియన్ సముద్రం దగ్గరి గుర్గాన్‌లో ఉండగా రాసిన పుస్తకంలో చదరంగం గింజల లెక్క చేశాడు. ఆయనకి వచ్చింది కూడా ఇదే సంఖ్య. ఆయన భాష వేరు, ఊరు వేరు. లెక్క సరిగ్గా చేస్తే ఎవరికైనా ఇదే వస్తుంది మరి.

ఇప్పుడు ఫోన్ ఎందుకు తప్పు చెప్పిందో చూద్దాం. ఫోన్‌కి లెక్కలు రాక కాదు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యకి ఉండే కచ్చితత్వం 53 బిట్లు. 2 పవర్ 53 అంటే 9,00,71,99,25,47,40,992. అక్కడి దాకా ప్రతి పూర్ణసంఖ్యనీ సరిగ్గా దాచుకోగలదు. ఆ పైకి వెళ్తే మధ్యలో ఖాళీలు వస్తాయి. మన సంఖ్య దగ్గరికి వచ్చేసరికి, 2 పవర్ 64కి ముందు అది దాచుకోగలిగే సంఖ్య 2048 దూరంలో ఉంటుంది. మధ్యలో ఉన్నవేవీ దానికి లేవు. కాబట్టి ఒకటి తీసేయమంటే తీసేసి, దగ్గర్లో ఉన్నది మళ్లీ 2 పవర్ 64 కాబట్టి అదే రాసుకుంటుంది. పోనీ దాన్నైనా పూర్తిగా చూపిస్తుందా అంటే, గుర్తు పట్టడానికి సరిపడా మొదటి పదిహేడు అంకెలు చూపించి మిగతా చోట్ల సున్నాలు నింపేస్తుంది. ఆ సున్నాలు జవాబు కాదు, ఖాళీ నింపడం. నేను వాటిని జవాబు అనుకున్నాను.

అన్ని కాలిక్యులేటర్లూ ఇలా చేయవు. పైథాన్‌లో ఇదే లెక్క వేస్తే ఇరవై అంకెలూ సరిగ్గా వస్తాయి. జావాస్క్రిప్ట్‌లో కూడా బిగ్‌ఇంట్ అనే రకం వాడితే వస్తాయి. మనం ఏ పనిముట్టు వాడుతున్నామో తెలిసి వాడాలి, అంతే.

"385 గింజలేగా" అన్న నా మాటకి ఇప్పుడు వద్దాం. బియ్యం విషయంలో అది నిజమే. ఒక గింజ సుమారు 20 మిల్లీగ్రాములనుకుంటే 385 గింజలు ఎనిమిది గ్రాములు కూడా ఉండవు. మొత్తం గింజలేమో దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచం అంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఏడు వందల ఏళ్ల పంట. అందులో ఎనిమిది గ్రాములు ఎవరడుగుతారు?

కానీ ఆ ఇరవై అంకెలు బరువు కాకుండా ఒక ఐడీ అనుకోండి. మీ డెబిట్ కార్డు మీద 16 అంకెలుంటాయి. ఇంట్లో గ్యాస్ కనెక్షన్‌కి ఉండే ఎల్‌పీజీ ఐడీకి 17 అంకెలు. ఎక్సెల్‌లో సంఖ్యకి కచ్చితత్వం 15 అంకెల వరకే. 17 అంకెల ఐడీని మామూలుగా పేస్ట్ చేస్తే చివరి రెండు అంకెలూ సున్నాలైపోతాయి, ఏ హెచ్చరికా రాదు. అక్కడ దగ్గర దగ్గరగా సరైనది అనేది లేదు. ఒక్క అంకె తేడా వస్తే అది ఇంకొకరి నంబర్. కాలేజీలోనో ఆఫీసులోనో మీ చేత ఇలాంటి లిస్టులు టైప్ చేయిస్తారు కదా, ముందు ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకుని అప్పుడు పేస్ట్ చేయండి. ఈ ఎపిసోడ్‌లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు ఈ సంఖ్యకీ మీ ఫోన్‌కీ ఇంకా దగ్గర చుట్టరికం ఉంది. ఈ రోజుల్లో మన ఫోన్లలో ఉండేవి 64 బిట్ ప్రాసెసర్లు. బిట్ అంటే ఒక స్విచ్, ఆన్ అయితే 1, ఆఫ్ అయితే 0. చదరంగం పలకనే ఊహించుకోండి, 64 గడులు, గడికో స్విచ్. మొదటి స్విచ్ విలువ 1, రెండోది 2, మూడోది 4, కథలో గింజల్లాగే. అన్ని స్విచ్‌లూ ఆన్ చేస్తే వచ్చే విలువ మన ఇరవై అంకెల సంఖ్యే. 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. దీనికి ఒకటి కలిపితే పాత స్కూటర్ మీటర్‌లో 99999 తర్వాత 00000 వచ్చినట్టు, అన్నీ సున్నాలైపోతాయి.

ఇలాంటి పరిమితి ఒకటి అందరి కళ్లముందే దాటింది. 2014 డిసెంబర్‌లో గంగ్నమ్ స్టైల్ వీడియో వ్యూస్ 2,14,74,83,647 దాటాయని యూట్యూబ్ చెప్పింది. ఆ సంఖ్య 2 పవర్ 31 మైనస్ 1, అంటే చదరంగంలో మొదటి 31 గడుల గింజలు. అక్కడి దాకానే లెక్కపెట్టే కౌంటర్‌ని 64 బిట్లకి మార్చారు. మైనస్ గుర్తు కోసం ఒక బిట్ పోయినా, కొత్త హద్దు మొదటి 63 గడుల మొత్తం. ఏ పాట అయినా అక్కడికి చేరాలంటే కష్టమే.

చివరిగా ఈ సంఖ్యని లోపలికి తెరిచి చూద్దాం. ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రం గుర్తుందా? 2 పవర్ 64 మైనస్ 1ని దాంతో విడగొడితే రెండు ముక్కలు: 2 పవర్ 32 ప్లస్ 1, 2 పవర్ 32 మైనస్ 1. ఆ మైనస్ ముక్కని మళ్లీ విడగొట్టొచ్చు. దాన్ని మళ్లీ. ఇలా చివరిదాకా పోతే మిగిలేవి ఇవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇవి ఫెర్మా సంఖ్యలు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఉన్న ఫెర్మా ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ విరగ్గొట్టాడు. 4294967297 = 641 × 6700417. ఫెర్మా అంత గొప్పవాడి మాట కూడా లెక్క ముందు నిలబడలేదు.

కాబట్టి మన సంఖ్యకి ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. అంటే ఏడు స్విచ్‌లు. కాబట్టి ఈ సంఖ్యని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 2 పవర్ 7, మొత్తం 128. ఇక్కడ కూడా మళ్లీ రెట్టింపే!

ఇదంతా అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. మామ్మగారు కుర్చీలోనే ఒక కునుకు తీశారు. పాప కొత్త చార్ట్ మీద సంఖ్య రాసింది. దాని కింద ఇది ఎక్కడి నుంచి తీసుకున్నానో అని రాయలేదు. ఎలా సరిచూసుకున్నానో రాసింది: చివరి అంకె, తొమ్మిది, పదకొండు, పూర్తి గుణకారం. ఒక మూల చిన్న అక్షరాల్లో పద్యం, దాని అర్థం కూడా పెట్టింది, నాయనమ్మ కోసం. పాత చార్ట్ నా దగ్గరే ఉంచేసుకున్నాను. నా వెనక గోడ మీద కనిపిస్తోంది చూడండి, మూడు సున్నాల కింద ఎర్ర గీతతో.

మీకో చిన్న హోంవర్క్. ఈ ఇరవై అంకెల సంఖ్యని 7తో భాగిస్తే శేషం ఎంత? కాలిక్యులేటర్ వద్దు, ఇరవై అంకెల్ని భాగించడమూ వద్దు. 2 ఘాతాల్ని 7తో భాగిస్తే శేషాలు ఎన్నింటికి తిరిగొస్తాయో చూడండి, అర నిమిషంలో వచ్చేస్తుంది. నా జవాబు వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్తాను. ఈసారి సరిచూసుకునే చెప్తాను లెండి. ఉంటాను, నమస్కారం.